ధూళియు క్షోదమును: గనిపనివారి రోగనామవిమర్శనము

శబ్దములను విమర్శించు పత్రికయందు గనులలోని దుమ్మునుగూర్చి వ్రాయుట యెట్లు సంగతమని కొందఱు విద్వాంసులు శంకింపవచ్చును. గనిపనివారి రోగము వైద్యునకు విషయము; వారికి రావలసిన పరిహారము శాసనజ్ఞునకు విషయము; వైయాకరణునకు దీనియందుఁ బని యేమి యని ప్రశ్న. రోగమునకుఁ బెట్టిన పేరు సరికానిచో వైద్యుఁడు హేతువును మఱచును, శాసనము రోగిని విడుచును. పేరు శబ్దము గావున నది మనకు విషయమే యని సమాధానము. ఈ సమాధానమును నేను గ్రంథములవలన నేర్చినవాఁడను గాను. నా తప్పువలన నేర్చితిని. ఆ తప్పును ముందు చెప్పి పిమ్మట విమర్శనమునకు వచ్చెదను.

మొగుళ్లపల్లి యిపుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నొక మండలకేంద్రము; 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిది. చేరువను భూపాలపల్లి బొగ్గుగనులు గలవు. వరంగల్లు, కరీంనగరము ప్రాంతములందు గ్రానైటు ఱాతిని దొలుచు గనులు గలవు. మాయూరి బడిలో నాయొద్దఁ దెలుఁగు చదివిన బాలురలోఁ గొందఱు పెద్దవారై యీ పనులకుఁ బోయిరి. అట్టివాఁ డొకఁడు పదునాలుగేండ్లు ఱాతిగనిలో డ్రిల్లింగు యంత్రమును బట్టి, నలువదియేండ్లు నిండకమునుపే నాలుగడుగులు నడువలేనివాఁడై, సుమారు పదియేండ్లక్రింద నొకనాఁడు మాయింటికి వచ్చెను. అప్పటికే రెండుమాఱులు క్షయమందులు వాడియుండెను. పరిహారము నిప్పింపుఁడని యొక కార్యాలయమునకు విన్నపము వ్రాసిపెట్టుమని నన్నడిగెను. తన రోగము నతఁ డొక్క వాక్యమునఁ జెప్పెను: “సారూ, ఆ దుమ్ముతోనే నాకు దమ్మొచ్చింది.”

ఈ ప్రాంతమున దమ్మనఁగా నాయాసము, ఎగయూర్పు. ఒక్క యచ్చుమాత్రము మాఱిన దుమ్ము దమ్మను నా రెండు పదములును నాకు వినోదమునకుఁ గూర్చిన యనుప్రాసమువలెఁ దోఁచినవి. వానిని రెంటిని దీసివేసి, చిరకాలముగా శ్వాసకాసవ్యాధిపీడితుఁడనై యున్నాను అని ప్రౌఢముగా వ్రాసితిని. సమాసమున దోషము లేదు. కొంతకాలమునకు, ఆ పేరుగల రోగము పరిహారపు పట్టికలో లేదనియు, రోగమునకుఁ బనితోడి సంబంధము విన్నపమునఁ గానరాదనియు బ్రత్యుత్తరము వచ్చెను. సంబంధము గానరాకపోవుటకుఁ గారణము నేనే. శిష్యుఁడు చెప్పిన వాక్యమునఁ దృతీయావిభక్తి హేత్వర్థమునం దున్నది. గురువు వ్రాసిన వాక్యమున నది లేదు. పిమ్మట నగరమున ఎక్స్‌రే తీయించి, వైద్యులు సిలికోసిస్ అని నిర్ణయించిరి. రెండవ విన్నపమును నేనాతని భార్యపేర వ్రాయవలసివచ్చెను.

మహాభాష్యమునఁ బస్పశాహ్నికమందు వ్యాకరణప్రయోజనములను జెప్పుచు భాష్యకారుఁ డింద్రశత్రూదాహరణము నిచ్చినాఁడు. ఇంద్రుని జంపువాఁడు పుట్టవలెనని చేసిన క్రతువునందు స్వరము తప్పుటచేఁ దత్పురుషము బహువ్రీహియై, యింద్రునిచేఁ జచ్చువాఁడు పుట్టెను. ఈ యుదాహరణమును నేనెన్నియో యేండ్లు పాఠము చెప్పితిని. దుష్టశబ్దము యజమానునిఁ జెఱుచునని చెప్పితినే కాని, లక్షణసిద్ధమైన సాధుశబ్దమును నర్థహానిచేఁ జెఱుపఁగలదని నాకుఁ దోఁపలేదు. ఆ తలంపే యీ వ్యాసమునకు మూలము.

మన పండితులకు దుమ్మనఁగానే యేమి స్ఫురించునో మొదట విచారింతము. అమరసింహుఁడు రేణు, ధూళి, పాంసు, రజశ్శబ్దములను ద్వితీయకాండమున క్షత్రియవర్గమునందుఁ బఠించెను. అవి సేనాప్రయాణమునకును స్తుతిపాఠకులకును సంబంధించిన పదముల పిమ్మట, పతాకానామములకు ముందున్నవి. ధూళి నేలకు సంబంధించినది గదా, భూమివర్గమున నేల చెప్పఁడయ్యె నని విద్యార్థు లడుగుదురు. కవులకు ధూళి సేన లేపిన ధూళి యని సమాధానము. రఘువంశమున రఘుని దిగ్విజయమందు రథములు రేఁపిన రజస్సు ఆకాశమును భూతలముగాఁ జేయును. అందే ద్వితీయసర్గమున నందినీధేనువు గిట్టల ధూళి పావనమగును. ఆంధ్రకవులును నీ మార్గమునే నడచిరి. దండు వెడలినప్పుడు సూర్యుని గప్పునది, సంజవేళ నాలమందల వెంట వచ్చునది, గురుపాదములనుండి శిరమున ధరింపఁబడునది, పద్మమునఁ బరాగమై రాలునది, ఇదియే మన కావ్యములలోని ధూళి. అది వీరమునకో శృంగారమునకో యుద్దీపనము, భక్తికి సాధనము. శ్వాసకోశమునఁ జొచ్చి కూర్చుండు ధూళి యా కావ్యములలోఁ గానరాదు.

ఇది కవుల దోషమని నేననను. వారు చూచినదానిని వర్ణించిరి. గనిలోనికి దిగి చూచిన కవి పూర్వులలో లేఁడు. దోషము మనది. కావ్యమునఁ బ్రసిద్ధమైన యర్థమునే శబ్దమున కంతయు నర్థముగాఁ గొని, నిఘంటువులోఁ బ్రక్కనే యున్న పదమును మఱచితిమి. అమరుఁ డా రజోనామముల వెంటనే చూర్ణ, క్షోదశబ్దములను వేఱుగాఁ బఠించెను. ఈ భేదము గొప్పది. ధూళిశబ్దమును గంపనార్థకమగు ధూధాతువునుండి వ్యుత్పాదింతురు. గాలికిఁ గదలునది ధూళి. క్షోదశబ్దము సంపేషణార్థకమగు క్షుద్‌ధాతువునుండి పుట్టినది; నూఱఁగా, దంపఁగా, పగులఁగొట్టఁగా నైనది క్షోదము. ధూళి యున్నచోట నుండును. క్షోదమును మనుజుఁడు చేయును. తెలుఁగునందును నీ భేదము చక్కఁగా నిలిచియున్నది. దారిలో లేచునది దుమ్ము, రోటఁ బడినది పొడి, పురుగు దొలిచిన కొయ్యనుండి రాలునది నుసి. పసుపుపొడిని బసుపుదుమ్మనువారు లేరు.

గనిలోనిది క్షోదము. ఈ మాట శబ్దభేదమునకై మాత్రమే చెప్పుటగాదు. ప్రకృతిశాస్త్రమును దీనినే చెప్పుచున్నది. గ్రానైటునందలి ముఖ్యాంశములలో నొకటి పలుఁగుఱాయి. దానిలోని ద్రవ్యము స్ఫటికరూపమున నున్న సిలికా. యంత్రముతోఁ దొలిచినప్పుడు, పగులఁగొట్టినప్పుడు, కోసి మెఱుఁగుపెట్టినప్పుడు నది మిక్కిలి సూక్ష్మములగు కణములై పొడియగును. అప్పుడే పగిలిన స్ఫటికముయొక్క ముఖములు చిరకాలము గాలికి నెండిన యిసుకకంటె నెక్కువ చెఱుపు చేయునని పరిశోధకులు కనుఁగొనిరి. కావున దారిదుమ్మును బీల్చినవానికిని, ఱాయి దొలిచినవానికిని భేదము కలదు. అది పీల్చినదాని రాశియందు మాత్రమే కాక, పీల్చిన పదార్థమునందును గలదు.

పరిమాణమును గమనింపఁదగినది. మనుష్యుని వెండ్రుక సుమారు 70 మైక్రానుల వెడల్పు గలది. మైక్రాననఁగా మిల్లీమీటరులో వేయవ పాలు. కంటికిఁ గనఁబడు పెద్దకణములు ముక్కునను గొంతునను జిక్కి తుమ్ముతోను గఫముతోను వెడలిపోవును. సుమారు 5 మైక్రానులకు లోఁబడినవి మాత్రము ఊపిరితిత్తుల తుదనున్న గాలిగుళ్లను జేరును. అచ్చటి రక్షకకణములు వానిని మ్రింగి, జీర్ణించుకొనలేక తామే నశించును. నశించుచు విడిచిన ద్రవ్యములచే వాపు పుట్టి, మెత్తని కండ గట్టి మచ్చలుగా మాఱును. కావ్యములందు సూర్యుని గప్పు ధూళి కంటికిఁ గనఁబడునది; చంపు క్షోదము కంటికిఁ గనఁబడనిది. నోటికిఁ గట్టుకొన్న తువ్వాలు మొదటిదాని నాపును, రెండవదాని నాపఁజాలదు. దుమ్ము కనఁబడుటలేదు గదా యని పనిచోట భయముడుగుట కిదియే కారణము.

ఇఁక వైద్యగ్రంథముల మాట. పూర్వులకు హేతువు తెలియదనుట తప్పు. చరకసంహితయందుఁ జికిత్సాస్థానమున హిక్కాశ్వాసాధ్యాయమునందు శ్వాసహేతువులలో రజస్సును ధూమమును జెప్పఁబడినవి. రాజయక్ష్మమునకుఁ జెప్పిన నాలుగు హేతువులలోఁ శక్తికి మించిన పని యొకటి. పాశ్చాత్యులలో అగ్రికోల 1556లో వెలువడిన తన గనిశాస్త్రగ్రంథమునందు, దుమ్ము ఊపిరితిత్తులను దినివేయుటచేఁ గార్పాతియను గనుల ప్రాంతమున నొక్కొక్క స్త్రీ యేడ్వురు భర్తలను వరుసగాఁ గోలుపోయినదని వ్రాసెను. ఇటలీ వైద్యుఁడు రామజ్జీని 1700లో వృత్తిరోగములనుగూర్చి గ్రంథము రచించి, రోగిని జూచిన వైద్యుఁడు నీ వృత్తి యేమి యని తప్పక యడుగవలెనని విధించెను. ఆ ప్రశ్న హేతుప్రశ్నము. నా శిష్యుని క్షయమందులు వాడుమన్నవా రా ప్రశ్న నడుగలేదు. విన్నపము వ్రాసిన నేనును నడుగలేదు. అడుగకయే యతఁడు చెప్పినను దీసివేసితిని.

పేరుల చరిత్రమును జూతము. 1867 ప్రాంతమున జర్మను వైద్యుఁడు జెంకరు, గ్రీకున ఊపిరితిత్తియనియు దుమ్మనియు నర్థములిచ్చు రెండు పదములను గూర్చి, నేఁడు న్యుమోకోనియోసిస్ అనుచున్న సామాన్యనామమును గల్పించెను. 1870లో విస్కోంతి యను నిటలీ వైద్యుఁడు, చెకుముకిఱాతికి లాటినుభాషలో నున్న పేరునుండి సిలికోసిస్ అను విశేషనామముఁ జేసెను. మన శిలాశబ్దముతో దీనికిఁ జుట్టఱికము గల్పింపఁ గొందఱుబలాటపడుదురు. ధ్వనిసామ్యమాత్రముచే వ్యుత్పత్తి చెప్పుట శాస్త్రముగాదు. అయినను నా పేరున నొక గుణము గలదు: హేతుద్రవ్యము పేరులోనే యున్నది.

మన వాడుకలోనున్న పేరులను లక్షణదోషములనుబట్టి పరీక్షింతము. శ్వాసకాసమనునది చిహ్నములనుబట్టి పెట్టిన పేరు. ఎగయూర్పును దగ్గును నూఱు రోగములందుండును గాన దీని కతివ్యాప్తి. ఊపిరితిత్తుల వ్యాధి యనుట రోగమునకు స్థానమును మాత్రము చెప్పును, దోష మదియే. ధూళివ్యాధి యనినచో, ఇల్లూడ్చునప్పుడు తుమ్ములు వచ్చువానికిని నా పేరే చెల్లును. ఆంగ్లమున బొగ్గుగనివారి రోగమునకు నల్ల ఊపిరితిత్తి యను నర్థముగల పేరున్నది. దాని నన్నిఁటికిఁ బెట్టినచో ఱాతిపనివాఁడు విడువఁబడును గాన నవ్యాప్తి.

క్షయ యను పేరు వీనియన్నిఁటికంటెఁ జిక్కు గలది. క్షయ సూక్ష్మజీవివలన వచ్చును, ఒకరినుండి మఱియొకరికి సోఁకును, మందులచే నయమగును. సిలికోసిస్ సోఁకదు, గట్టిపడిన కండను మరల మెత్తఁజేయు మందు లేదు. రెండును దగ్గు, ఆయాసము, కృశించుట కలిగించును. ఎక్స్‌రేయందును నొకదానినిఁ జూచి రెండవదని భ్రమపడుట కలదు. అంతకంటెఁ గష్టమేమనఁగా, సిలికోసిస్ గలవానికి క్షయ తక్కినవారికంటెఁ సులభముగా వచ్చును. రెండును గలిసియున్నప్పుడు క్షయ యను పేరు మొదట వినఁబడి, దాని క్రింద రెండవది మఱుఁగుపడును. క్షయ నయమైన పిమ్మటను నాయాసము పోకున్నచో రోగి మందులు సరిగా మ్రింగలేదని నిందింతురు.

కాలము మఱియొక చిక్కు. ఎక్కువ పొడిని బీల్చినవానికిఁ గొలఁది మాసములలోనే యుగ్రరూపమున రావచ్చును గాని, సామాన్యముగా నీ రోగము పదియేండ్లకో యిరువదియేండ్లకో బయలుపడును. పని మానినను నది పెరుగుచునే యుండును. కావునఁ గార్యము కనఁబడునప్పటికిఁ గారణము కనుమఱుఁగగును: పనివాఁ డూరు చేరును, గని మూతపడును. 1997లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ, పనిచోటులలోఁ బీల్చు స్ఫటికసిలికాను మనుష్యులకుఁ బుట్టకురుపు గలిగించు పదార్థములలోఁ జేర్చెను. అదియు దీర్ఘకాలమున వచ్చునదే. ఇంత దూరమున నున్న కార్యకారణములను గలిపి నిలుపఁగల త్రాడు పేరొక్కటే.

శాసనమునందుఁ బేరునకుఁ గల బలము నిట స్పష్టముగాఁ జూడవచ్చును. 1923 నాఁటి పనివారి పరిహారశాసనము తన పట్టికలో వృత్తిరోగములను బేర్లతోఁ జెప్పెను, సిలికోసిస్ వానిలోనిది. 1952 నాఁటి గనుల శాసనము కొన్ని రోగములు కనఁబడినప్పుడు వానినిఁ దెలుపవలెనని విధించెను. అందు గనియనఁగా భూగర్భమునందలి బొగ్గుగని మాత్రమే కాదు, పైన తెఱచి తీయు ఱాతిక్వారీయును గనియే. 2020లో నిర్మింపఁబడిన క్రొత్త స్మృతుల పట్టికలలోను సిలికోసిస్ పేరు గలదు. పట్టికలో నున్న శబ్దమునకుఁ బర్యాయము చెల్లదు. కావ్యమునఁ గమలమునకు బదులు పద్మమనవచ్చును. పట్టికకు దండాన్వయము లేదు, లక్షణ లేదు, వ్యంజన లేదు.

బొగ్గుగనుల విషయమున నింకొక సూక్ష్మము గలదు. విలియము కింగు 1871లో నిల్లందు ప్రాంతమున బొగ్గును గనుఁగొనెను; 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుట కధికారము వడసెను; 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. గోదావరీలోయ బొగ్గుగనులలోఁ బనివాఁడు పీల్చునది బొగ్గుపొడి యొక్కటియే కాదు. బొగ్గుపొరల నడుమను బైనను ఇసుకఱాయి యుండును. పైకప్పునకు మేకులు దిగవేయుటకు దానినే తొలుతురు. ఊపిరితిత్తులలో బొగ్గుపొడి చేసెడి రోగము వేఱు, ఱాతిపొడి చేసెడిది వేఱు, రెండును గలిసి చేసెడిది వేఱు. నల్లని కఫమును జూచి బొగ్గనుకొన్నవానికి, తెల్లని ఱాయి మఱుఁగుపడును.

బడిపంతులు దీనితోఁ దనకు సంబంధము లేదనుకొనరాదు. మనము పిల్లలచే నక్షరములు దిద్దించిన పలక ఱాతిపలక. మార్కాపురము దానికిఁ బ్రసిద్ధి. మధ్యప్రదేశమున మందసౌరు ప్రాంతమునఁ బలకపై వ్రాయు ఱాతికడ్డీలను యంత్రములపైఁ గోయువారిని 1980 దశకమునఁ బరీక్షింపఁగా, సగమునకు మించినవారికి సిలికోసిస్ కనఁబడెను. 1982లో నా రాష్ట్రము వారికొఱకుఁ బ్రత్యేకముగా సంక్షేమనిధి శాసనమును జేసెను. మన యక్షరాభ్యాసమునకు ముందొకఁ డా ఱాతిని గోసియుండెను. ఆతని రోగమునకు సరియైన పేరు వ్రాయుట అక్షరములవలన బ్రదుకు మనకు ఋణము.

సాహిత్యమున నీ పేరును నిలిపినవారు లేకపోలేదు. ఫ్రెంచి నవలాకారుఁడు జోలా 1885 నాఁటి జెర్మినాల్ నవలయందు నల్లని కఫ ముమియు వృద్ధుని జిత్రించి, అది తన యొడలిలోని బొగ్గే యని యాతనిచేతనే చెప్పించెను. గనుల వైద్యపరీక్షకుఁడుగాఁ బనిచేసిన క్రోనిన్ 1937లో వ్రాసిన సిటాడెల్ నవలయందు నాయకుఁడగు వైద్యుఁడు గనిదుమ్మునకును ఊపిరితిత్తుల రోగమునకును గల సంబంధమును బరిశోధించును. అమెరికాలో వెస్టువర్జీనియాయందు 1930–31 సంవత్సరములలో సిలికా నిండిన కొండను దొలిచి సొరంగము చేయఁగా వందలకొలఁది పనివారు మడిసిరి. మ్యూరియల్ రుకైసర్ అను కవయిత్రి 1938లోఁ దానిపై దీర్ఘకావ్యము రచించి, సాక్షుల వాఙ్మూలములను, వైద్యుల నిర్ణయములను, రోగముయొక్క శాస్త్రనామమును గావ్యమునందే చేర్చెను. పారిభాషికపదము రసమునకు భంగమని మన యాలంకారికులు అప్రతీతదోషముఁ జెప్పుదురు. ఒక శాస్త్రమునందు మాత్రమే ప్రసిద్ధమగు పదమును బ్రయోగించుట యప్రతీతము. కాని రోగికిఁ దన రోగము పేరు ప్రతీతముగాకుండుటయే కావ్యవస్తువైనపుడు, ఆ పదమును జెప్పుటయే యౌచిత్యము. తెలుఁగున అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ మొదలగువారు గనిబ్రదుకును గథలలోనికిఁ దెచ్చిరి. గనిపనివారి మాటలు గ్రంథస్థమగుచున్నవి. ఆ మాటల యర్థనిర్ణయము పండితుల వంతు.

ఇఁక మనము వాడవలసిన పేరేది? సంస్కృతమున శిలాక్షోదరోగమని చేయవచ్చును. హేతువును ద్రవ్యమును రెండును దానిలో నుండును, అతివ్యాప్త్యవ్యాప్తులు లేవు. కాని పలుకవలసినవాఁడు పలుకలేనిచో నా గుణము వ్యర్థము. ఱాతిపొడిరోగమనుట మేలు. ఇది మిశ్రసమాసము, బాలవ్యాకరణము మిశ్రమునకు సమ్మతించినది. బొగ్గువిషయమున బొగ్గుపొడిరోగమనవచ్చును. విన్నపములందును వైద్యపత్రములందును మాత్రము సిలికోసిస్ అను పట్టికలోని పేరునే వ్రాసి, దానిప్రక్క ఱాతిపొడిరోగమని చేర్చి, ఏ పనిలో నెన్నియేండ్లు పొడిని బీల్చెనో హేత్వర్థమునఁ దప్పక చెప్పవలెను. మొదటి పేరు శాసనమునకు, రెండవది రోగికి, మూఁడవ మాట న్యాయమునకు.

అన్యదేశ్యమును యథాతథముగా వ్రాయుట భాషకుఁ గళంకమని కొందఱందురు. నేనును నొకప్పు డట్లే యంటిని. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడని భాష్యకారుఁడు చెప్పియున్నాఁడు. శబ్దములు లోకమునం దున్నవి, శాస్త్రము వానికి నియమమును మాత్రము చేయును. నా శిష్యుఁడు నాయింటికి శబ్దమునకై రాలేదు. శబ్దమును దానే తెచ్చెను. దానిని వ్రాసిపెట్టుమని మాత్రమే యడిగెను. దుమ్ము దమ్మను నా రెండు మాటలలో హేతువును గార్యమును గ్రమము తప్పక యున్నవి.

గనిలో నీరు చల్లుచుఁ దొలిచినచో, గాలి సరిగా నాడించినచో, పొడిని బుట్టినచోటనే పట్టి లాగినచో, తగిన ముసుఁగు నిచ్చినచో నీ రోగము రాకుండఁ జేయవచ్చును. నయముగాని రోగ మిట్లు నివార్యమగుట విశేషము. ఆ పని యజమానులది, అధికారులది. మనది చిన్నపని: పల్లెలలో విన్నపములు వ్రాసిపెట్టు పంతుళ్లు తమ విద్యను జూపుటకుఁ బూర్వము చెప్పువాని వాక్యమును బూర్తిగా వినవలెను; అందలి విభక్తిని దీసివేయరాదు.